పిల్లి పళ్ల క్లీనింగ్: భయపడాల్సింది మత్తుకేనా?

మా పిల్లి గచ్చకాయ ఇంటికొచ్చి ఆరేళ్లయింది. సీతాఫల్‌మండిలో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వాచ్‌మన్ స్కూటర్ కింద దొరికింది. ఒళ్లంతా అచ్చం గచ్చకాయ రంగు, అందుకే ఆ పేరు. పోయిన వేసవిలో ఒకరోజు ఉడికించిన చికెన్ ముక్క వేస్తే పరుగెత్తుకొచ్చి నోట కరుచుకుంది. ఒక్కసారి నమిలింది. వెంటనే తల విదిలించి ముక్కను కింద పడేసి, ఆ ముక్క మీదే బుస్సుమంది. రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ వచ్చింది. మళ్లీ అదే వరస. ఆకలి ఉంది, తినాలనీ ఉంది, నోరే ఒప్పుకోవడం లేదు.

"ముల్లేదో గుచ్చుకుని ఉంటుంది, చూడవే" అంది మా అమ్మ. చూశాను. ముల్లేం లేదు. పళ్లు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. ఉండవా మరి, మూడు నెలల ముందే క్లీనింగ్ చేయించాను కదా! పెంపుడు జంతువులకు స్నానం, కటింగ్ చేసే ఒక గ్రూమింగ్ షాపులో "మత్తు అక్కర్లేదు మేడం, పది నిమిషాల్లో అయిపోతుంది" అన్నారు. తువ్వాల్లో చుట్టి, ఇనప పరికరంతో గీకి, పసుపు గారంతా రాల్చి చేతికిచ్చారు. మత్తు తప్పిందని నేను సంబరపడ్డాను కూడా.

ఆ సంబరం ఎందుకు తప్పో అర్థం కావడానికి నాకు రెండు పళ్లు పట్టాయి. నావి కాదు, దానివి.

మనకు తెలుగులో రెండు మంచి మాటలున్నాయి: పాచి, గార. పొద్దున లేవగానే నాలుకతో తడిమితే పళ్ల మీద జిగటగా తగిలేది పాచి. అది బ్యాక్టీరియా పొర. తుడిస్తే పోతుంది, ఒక్క రోజులో మళ్లీ పడుతుంది. తుడవకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లోనే రాయిలా గట్టిపడుతుంది. అదే గార. దాన్ని బ్రష్‌తో వదిలించలేం. ఇంతవరకు పిల్లికీ మనకూ తేడా లేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. మనకు కనిపించేది గార కాబట్టి జబ్బు కూడా అదేననుకుంటాం. నిజానికి గార గరుకు గోడ లాంటిది, పాచి నిలవడానికి చోటిస్తుందంతే. అసలు తతంగం చిగురు కింద నడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. సోనా మసూరి గింజ మందం కూడా ఉండదు. ఆ సందులో చేరిన పాచి వల్ల ముందు చిగురు అంచు ఎర్రబడి వాస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే పూర్తిగా మామూలైపోతుంది. పట్టించుకోకపోతే సందు లోతవుతుంది, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది, ఒకసారి పోయిన ఎముక తిరిగి రాదు. క్లీనింగ్‌కి అర్థమంతా ఈ రెండు దశల మధ్య గీతలోనే ఉంది. అటు దాటకముందు చేస్తే అది వైద్యం. దాటాక చేస్తే మిగిలింది కాపాడుకోవడం.

ఇప్పుడు గ్రూమింగ్ షాపు సంగతి. మెలకువగా ఉన్న పిల్లి చిగురు కిందికి పరికరం పోనివ్వదు. లోపలి వైపు, నాలుక వైపు పళ్లను ముట్టనే ముట్టనివ్వదు. కాబట్టి గీకింది బయటికి కనిపించే భాగమే. గీకాక పాలిష్ చేయకపోతే పంటి మీద సన్నటి గీతలు మిగిలిపోతాయి, పాచికి అవి మరింత పట్టు ఇస్తాయి. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. అమెరికన్ వెటర్నరీ డెంటల్ కాలేజీ లాంటి సంస్థలు మత్తు లేని క్లీనింగ్‌ను బాహాటంగానే వ్యతిరేకిస్తున్నాయి. నా ఫిర్యాదు ఇంకొకటుంది. తెల్లటి పళ్లు చూసి నేను మూడు నెలలు నిశ్చింతగా ఉండిపోయాను. గార అలాగే ఉంటే కనీసం అనుమానమైనా వచ్చేది.

ఆ తర్వాత వెళ్లిన డాక్టరమ్మ పెదవి ఎత్తి చూసి, దూది చుట్టిన పుల్లతో కింది దవడ మీద కోరపన్ను వెనకున్న పంటి అంచును మెల్లగా తాకింది. గచ్చకాయ దవడ టకటకా కొట్టుకుంది. చలికి మన పళ్లు కొట్టుకుంటాయే, అలా. "చిగురు పైకి పాకి పంటిని కప్పేసినట్టు ఉంది చూడండి. కింద గుంత ఉంది" అందావిడ. నేను వెంటనే "పుప్పి పన్నా డాక్టర్?" అని అడిగాను. కాదట. పిల్లులకు మనకొచ్చే లాంటి పుప్పి పళ్లు రావు. వాటికొచ్చేది ఇంకా విచిత్రమైన జబ్బు. ఒంట్లోని కణాలే పంటిని కొరుక్కు తినేస్తాయి. పాలపళ్లు ఊడే వయసులో పంటి వేళ్లను కరిగించే కణాలు ఉంటాయి కదా, అలాంటివే పెద్దయ్యాక శాశ్వత పళ్ల మీద పడతాయి. ఎందుకో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పిల్లుల ఆరోగ్య కేంద్రం లెక్కలో ఈ జబ్బు ఛాయలు 30 నుంచి 70 శాతం పిల్లుల్లో కనిపిస్తాయి. ఎక్కువగా దెబ్బతినేది కూడా డాక్టరమ్మ పుల్ల పెట్టిన ఆ పన్నే.

దీనికి ఫిల్లింగ్ పనికిరాదు, పన్ను కరుగుతూనే ఉంటుంది కాబట్టి. తీసేయాలి. ఎలా తీయాలన్నది మాత్రం ఎక్స్‌రే చూస్తే గాని తెలియదు. కొన్నిటిలో పంటి వేరు చెక్కుచెదరకుండా ఉంటుంది, అప్పుడు వేరుతో సహా పెరకాలి. కొన్నిటిలో వేరు కరిగి దవడ ఎముకలో కలిసిపోయి ఉంటుంది, అప్పుడు పై భాగం కోసి చిగురు కుట్టేస్తే చాలు. ఎక్స్‌రే లేకుండా మొదటి రకం పంటికి రెండో రకం వైద్యం చేస్తే వేరు లోపలే ఉండిపోయి నొప్పి కొనసాగుతుంది. రెండో రకానికి మొదటిది చేస్తే లేని వేరు కోసం దవడను తవ్వినట్టవుతుంది, ఒక్కోసారి దవడే విరుగుతుంది. 1998లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పశువైద్యులు ఒక పరిశీలన అచ్చు వేశారు. పైకి ఏ లోపమూ కనిపించని పళ్లకు ఎక్స్‌రే తీస్తే, దాదాపు 42 శాతం పిల్లుల్లో వైద్యం అవసరమయ్యే విషయాలు బయటపడ్డాయి.

అందుకే "క్లీనింగ్" అన్న మాటే నాకు నచ్చదు. కారు వాష్‌లా వినిపిస్తుంది. సరిగ్గా చేస్తే అందులో శుభ్రం చేయడం ఒక భాగం మాత్రమే. మత్తిచ్చి, గొంతులో గొట్టం వేసి, 30 పళ్లలో ఒక్కోదాని చుట్టూ సన్నటి కొలత పుల్లతో సందు లోతు చూసి, ఎక్స్‌రేలు తీసి, చిగురు పైనా కిందా అల్ట్రాసోనిక్ పరికరంతో గార వదిలించి, పాలిష్ చేసి, తీయాల్సిన పన్ను ఉంటే తీసి, కుట్లు వేసి ముగించాలి.

లాభాల్లో ఖాయంగా చెప్పగలిగింది నొప్పి పోవడం. పిల్లి నొప్పి దాచుకోవడంలో సిద్ధహస్తురాలు. తిండి మానేయదు, తీరు మార్చుకుంటుంది. ఒకవైపే నములుతుంది, గింజల్ని నమలకుండా మింగేస్తుంది, ఒళ్లు నాక్కోవడం తగ్గిస్తుంది, కసురుకుంటుంది. ముసలిదైపోయిందిలే అని మనం సర్దుకుంటాం. తీసేయాల్సిన పళ్లు తీసేశాక కుర్రపిల్లలా గెంతుతోందని చెప్పేవాళ్లు నాకు నలుగురైదుగురు తగిలారు.

ఇక గుండె, కిడ్నీ, లివర్ కాపాడుకోవాలంటే ఏటా క్లీనింగ్ చేయించండి అని క్లినిక్ గోడల మీద పోస్టర్లు ఉంటాయి. వాటిని కాస్త తగ్గించి చదువుకోవాలి. పళ్ల జబ్బున్న పిల్లుల్లో కిడ్నీ జబ్బు కూడా ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. ఒకదాని వల్లే రెండోది వచ్చిందనీ, క్లీనింగ్ చేస్తే ఆగుతుందనీ రుజువు కాలేదు. రెండూ వయసుతో వచ్చేవే కదా. నోరు నొప్పెడుతోందన్న కారణం చాలదా, కిడ్నీని ఎందుకు లాగడం?

సరే, మత్తు. "లేస్తుందా, లేవదా?" అని రాత్రంతా నిద్రపోని వాళ్లకు నేను టెన్షన్ పడొద్దని చెప్పను. పడటంలో అర్థముంది. బ్రిటన్‌లో 117 క్లినిక్కుల్లో దాదాపు 79 వేల పిల్లుల మత్తు రికార్డులను పరిశీలించి 2008లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. పళ్ల పనే కాదు, అన్ని రకాల మత్తూ ఆ లెక్కలో ఉంది. మొత్తం మీద మత్తు సంబంధంగా చనిపోయినవి 0.24 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాటిలో 0.11 శాతం, అంటే దాదాపు 900లో ఒకటి. జబ్బుతో ఉన్నవాటిలో 1.4 శాతం, అంటే 70 చిల్లరలో ఒకటి. అదే అధ్యయనంలో ఆరోగ్యమైన కుక్కలకు ముప్పు 0.05 శాతమే. అంటే పిల్లికి రెట్టింపు.

900లో ఒకటి అంటే చిన్నదా పెద్దదా అన్నది మన పిల్లి ఆ ఒకటి అవుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ ఆ అంకెల కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి లోపలి వివరాలు. చనిపోయిన పిల్లుల్లో 60 శాతం పైగా పోయింది ఆపరేషన్ బల్ల మీద కాదు, అంతా అయిపోయాక. అందులోనూ ఎక్కువ మొదటి మూడు గంటల్లో. "అయిపోయిందండీ, బుట్టలో పెట్టేశాం" అన్న తర్వాత, ఎవరూ చూడని ఆ మూలలో. 12 ఏళ్లు దాటినవాటికి, రెండు కిలోల లోపు, ఆరు కిలోల పైన ఉన్నవాటికి ముప్పు ఎక్కువ. నాడిని, రక్తంలో ఆక్సిజన్‌ను కనిపెట్టి ఉన్నచోట ముప్పు తగ్గింది. అంటే మందు ఒక్కటే కాదు, పక్కన మనిషి ఉన్నాడా లేదా అన్నది కూడా ప్రాణం మీది లెక్కే.

పిల్లికి ప్రత్యేకంగా ఉన్న గొడవలు కొన్ని ఉన్నాయి. మొదటిది గుండె. బ్రిటన్‌లోనే 780 పిల్లులను, పైకి ఆరోగ్యంగా ఉన్నవాటిని, స్కాన్ చేస్తే దాదాపు 15 శాతం వాటిలో గుండె గోడ మందం కావడం బయటపడింది. స్టెతస్కోపుకు తేడా చప్పుడేదీ దొరకకుండానే ఇది ఉండొచ్చు. ఇలాంటి పిల్లికి మామూలు వేగంతో సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. రెండోది కిడ్నీ. మత్తులో బీపీ పడిపోతే ముందు దెబ్బ తినేది అదే, కాబట్టి పెద్ద వయసు పిల్లికి రక్త పరీక్ష లేకుండా మత్తివ్వడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. మూడోది చలి. మూడు నాలుగు కిలోల ఒళ్లు, ఏసీ గది, నోట్లోకి చిమ్మే చల్లటి నీళ్లు, గంటకు పైగా పని. మే నెల హైదరాబాద్‌లో కూడా పిల్లి వణుకుతూ లేస్తుంది. కింద వెచ్చటి ప్యాడ్ ఉందా అని అడగడం చాదస్తం కాదు.

నాలుగోది నాకు బొత్తిగా తెలియనిది. నోరు తెరిచి ఉంచడానికి స్ప్రింగు ఉన్న పరికరం పెడతారు. పిల్లి మెదడుకు, కంటికి రక్తం మోసే ప్రధాన నాళం దవడ కీలు పక్కనుంచే వెళ్తుంది. నోరు బాగా తెరిస్తే ఆ నాళం నొక్కుకుపోతుంది. పని బాగానే జరిగి, పిల్లి లేచి, చూపు లేకుండా గోడలకు గుద్దుకున్న కేసులు పశువైద్య పత్రికల్లో ఉన్నాయి. కొన్నిటికి చూపు తిరిగొచ్చింది, కొన్నిటికి రాలేదు. దీనికి విరుగుడు పైసా ఖర్చు లేనిది: స్ప్రింగు పరికరం మానేసి, సూది మీదుండే ప్లాస్టిక్ మూతను పొట్టిగా కత్తిరించి పళ్ల మధ్య పెట్టడం, అదీ కాసేపే. అలాగే గొంతులో వేసిన గొట్టం. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా అది ఉండి తీరాలి, కానీ దాని చివరున్న బుడగలో గాలి ఎక్కువ నింపినా, గొట్టాన్ని మత్తు మెషీన్ నుంచి విడదీయకుండా పిల్లిని ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పినా శ్వాసనాళం చిరగొచ్చు. వీటిలో దేనికీ ఖరీదైన మెషీన్ అక్కర్లేదు, చేయి తిరిగినవాళ్లు కావాలి.

మన ఊళ్లో పెట్ క్లినిక్కులకు కొదవ లేదు. మాదాపూర్ నుంచి ఉప్పల్ దాకా ప్రతి మెయిన్ రోడ్డు మీదా ఒకటి కనిపిస్తుంది. నారాయణగూడలో ప్రభుత్వ వెటర్నరీ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ ఉంది. కానీ పిల్లి నోట్లో పట్టే చిన్న డెంటల్ ఎక్స్‌రే ప్రతిచోటా ఉండదు. అందుకే ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. నేను అడిగినవి ఇవి: ఎక్స్‌రే తీస్తారా, గొట్టం వేస్తారా, పళ్ల పని చేసే డాక్టర్ కాకుండా మత్తును చూసుకోవడానికి మరో మనిషి ఉంటారా, లేచాక మూడు గంటలు మీ కళ్ల ముందే ఉంచుకుంటారా. ఒకచోట "ఇవన్నీ మీకెందుకు మేడం, మేం చూసుకుంటాం కదా" అన్నారు. థాంక్స్ చెప్పి పెట్టేశాను. ఇంకోచోట రేటు వేలల్లో తక్కువ చెప్పారు, ఎక్స్‌రే లేదు. అదే మత్తు, అదే ముప్పు, దక్కేది సగం. అది చవక బేరమెలా అవుతుంది?

అందరికీ ఏటా చేయించాలా అంటే, అమెరికా మార్గదర్శకాలు ఏడాది వయసు నుంచే పళ్ల పరీక్ష, క్లీనింగ్ మొదలుపెట్టమంటాయి. నేనైతే అంత దూరం పోను. రెండేళ్ల పిల్లి, చిగుళ్లు గులాబీ రంగులో, వాసన లేకుండా ఉంటే, ప్యాకేజీలో ఉందని మత్తివ్వడం నాకు నచ్చదు. ఏటా మెలకువగానే డాక్టర్‌కి నోరు చూపించి, ఎరుపు గీత కనిపించినప్పుడు ఆలస్యం చేయకుండా చేయించడం నా పద్ధతి. టోలీచౌకీ, మెహదీపట్నం ఇళ్లల్లో ముద్దుగా పెంచుకునే పర్షియన్ పిల్లులకు మాత్రం లెక్క వేరు. చప్పిడి మూతిలో పళ్లు ఇరుక్కుని వంకరగా వస్తాయి, గార తొందరగా పడుతుంది. పైగా ఆ జాతిలో కిడ్నీ తిత్తుల జబ్బు ఎక్కువ, ముక్కు ఇరుకు. అవసరమూ ఎక్కువే, జాగ్రత్తా ఎక్కువే.

అటు చివర 14 ఏళ్ల ముసలి పిల్లికి "ఈ వయసులో మత్తా, వద్దులెండి" అనేస్తారు. వయసు జబ్బు కాదు. కిడ్నీ, గుండె, బీపీ చూశాక డాక్టర్ వద్దంటే వేరే మాట. చూడకుండా మనమే వద్దనుకుంటే, మిగిలిన రెండు మూడేళ్లూ అది కుళ్లిన పళ్లతోనే తినాలి.

నోరంతా మంటలా ఎర్రబడి, చొంగ కారుస్తూ, ఆవలించినా అరిచే పిల్లులుంటాయి. అది వేరే జబ్బు. దానికి క్లీనింగ్ చాలదు. చాలాసార్లు దవడ పళ్లన్నీ తీసేయాల్సి వస్తుంది. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ, తీసేశాక ఎక్కువ శాతం పిల్లులు బాగుపడతాయి. పళ్లు లేకుండానే లొట్టలేసుకుంటూ తింటాయి.

ఇంట్లో చేయగలిగింది రోజూ బ్రష్. నవ్వొస్తుందని తెలుసు. పిల్లులకు తీపి రుచి తెలియదు, అందుకే వాటి పేస్టు కోడి రుచితో వస్తుంది. మొదట వారం వేలికి రాసి నాకించాలి, తర్వాత వేలితోనే బయటి వైపు రుద్దాలి, ఆ తర్వాతే బ్రష్. మన పేస్టు వాడకూడదు, మింగేస్తాయి. మామూలు గింజల తిండి పళ్లను శుభ్రం చేస్తుందన్నది మన బిస్కెట్లు మన పళ్లు తోముతాయన్నట్టే ఉంటుంది. ఇంటి వైద్యంలో రెండింటి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పంటి నొప్పికి మనం పెట్టుకునే లవంగ నూనె పిల్లికి విషం. పారాసెటమాల్ మరీ ఘోరం, మనం వేసుకునే ఒక్క బిళ్ల చాలు పిల్లి ప్రాణం తీయడానికి. వాటి లివర్‌కు ఆ మందును విరగ్గొట్టే శక్తి లేదు.

గచ్చకాయకు రక్త పరీక్ష, గుండె స్కాన్ అయ్యాక ఒక బుధవారం పొద్దున తీసుకెళ్లాం. రెండు పళ్లు తీశారు. తీసిన పంటిని డాక్టరమ్మ గాజు గుడ్డ మీద పెట్టి చూపించింది. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది, ఒక పక్క పురుగు తొలిచినట్టు గుంత, అందులో చిగురు కండ. ఇంత చిన్నదానికా అంత బుస్సు అనిపించింది. సాయంత్రం ఐదింటికి అక్కడే నిలబడి నీళ్లు తాగాకే ఇచ్చి పంపారు. "రెండు రోజులు ముద్దలా ఉన్నదే పెట్టండి. అస్సలు ముట్టకపోతే మాత్రం మర్నాడే ఫోన్ చేయండి, తిండి మానేస్తే పిల్లుల లివర్ పాడవుతుంది" అని రెండుసార్లు చెప్పింది. ఆ రాత్రే తింది. మా అమ్మే పెట్టింది, మెత్తగా చిదిమి, స్పూనుతో.

పన్నెండో రోజు ఉడికించిన చికెన్ ముక్క వేశాను. నమిలింది. సాయం చేద్దామని ముక్కను చించబోతే మళ్లీ బుస్సుమంది. ఈసారి ముక్క మీద కాదు, నా మీద.